డ్రగ్ అంటే మందా, మత్తుపదార్థమా?

"డ్రగ్ అనే ఇంగ్లీషు మాటకు అసలు అర్థం మందా, మత్తుపదార్థమా? మామూలు మాటల్లో ఏ అర్థంలో వాడాలి?" అని అడిగారు. నరసరావుపేట దగ్గర ఒక ఊళ్లో 19 ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు రాయాలనిపించింది.

నా వెనక గోడకు ఫ్రేము కట్టించి పెట్టిన కాగితం డ్రగ్ లైసెన్సు. తనిఖీకి వచ్చే ఆఫీసరు డ్రగ్ ఇన్‌స్పెక్టరు. బోర్డు మీద షాపు పేరు కింద కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్ అని ఉంటుంది. డ్రగ్ అంటే మందే. పారాసెటమాల్ డ్రగ్గే, బీపీ బిళ్ళా డ్రగ్గే. నాకు లైసెన్సు వచ్చింది 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద. గంజాయి, హెరాయిన్ అమ్మేవాళ్లను లోపల వేసేది 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ (నార్కోటిక్ డ్రగ్స్ అండ్ సైకోట్రోపిక్ సబ్‌స్టెన్సెస్) చట్టం కింద. రెండు చట్టాల పేర్లలోనూ డ్రగ్స్ అనే మాట ఉంది. అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి.

నాలుగేళ్ల కిందట, మిరప కోతలప్పుడు, మా వీధి చివర ఉండే బాబాయికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. వాళ్లబ్బాయి చీటీ తెచ్చాడు, నొప్పికి ట్రమడాల్ రాశారు. ఆ మందు 2018లో ఎన్‌డీపీఎస్ కిందికి వచ్చింది. షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు, అంటే ఇలాంటి మందులకు విడిగా లెక్క రాసే పుస్తకం తీసి డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని బిళ్ళలిచ్చానో రాస్తున్నాను. ఆ రిజిస్టరు మూడేళ్లు దాచాలి.

"నాన్న పేరెందుకన్నా రాస్తున్నావు?" అన్నాడు.

షాపు నిండా జనం. తలెత్తకుండానే "ఎన్‌డీపీఎస్ డ్రగ్‌రా, రాయాలి" అన్నాను.

నాలుగో రోజు ఆ అట్టలు తిరిగి తెచ్చాడు. ఒక్క బిళ్ళ కూడా తీయలేదు. "టీవీలో పోలీసులు పట్టుకునేది ఇవేనంట గదన్నా. పోయేముందు డ్రగ్స్ తిన్నాడనే పేరు నాకెందుకురా అని నాన్న ముట్టుకోవట్లేదు" అన్నాడు.

షట్టరు దించి వాడితో వెళ్లాను. బాబాయి నులకమంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నడుము వాలిస్తే నొప్పి ఎక్కువవుతోందంట, మూడు రాత్రులూ అట్లాగే కూర్చుని ఉన్నాడు. ఇది నొప్పికి డాక్టరు రాసిన మందనీ, రాసినన్నే వేసుకోవాలనీ, మలబద్ధకం చేస్తే దానికి వేరే మందు ఉందనీ చెప్పాను. అంతా విని, "మరి డ్రగ్గన్నావంట గదరా?" అన్నాడు.

"తప్పు మాట అన్నాను బాబాయ్. ఇది మందు" అన్నాను.

ఆ రాత్రి వేసుకున్నాడు. పొద్దున్నే పిన్ని షాపుకొచ్చి, రాత్రి రెండింటిదాకా నిద్రపోయాడని చెప్పి కళ్లు తుడుచుకుంది.

ఆ మూడు రాత్రుల నొప్పికి కారణం నా నోటి మాట. పేపర్లకూ టీవీలకూ కూడా ఇందులో వాటా ఉంది. గంజాయి దొరికితే గంజాయి అని, హెరాయిన్ దొరికితే హెరాయిన్ అని రాయడానికి ఏం అడ్డం? అన్నిటినీ డ్రగ్స్ అనేసి, పక్కన బిళ్ళల బొమ్మ వేస్తారు. మార్ఫిన్ లాంటి మందులు నొప్పితో బాధపడే రోగులకు సులువుగా అందాలనే 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించారు. చట్టం సడలింది గానీ ఇళ్లలో ఆ మాట భయం అట్లాగే ఉంది. మా మేనమామ హైదరాబాద్ బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కంపెనీలో పనిచేసేవాడు. ఆ పేరులో డి అంటే డ్రగ్స్. మా చిన్నప్పుడు డ్రగ్ ఫ్యాక్టరీలో ఉద్యోగమంటే ఊరంతా గౌరవంగా చూసేవాళ్లు.

మన తెలుగు మాటకూ ఇదే గతి పట్టింది. "మందు తాగాడు" అంటే టానిక్కా, బ్రాందీనా, పురుగుమందా? పల్నాడులో ఎవరైనా ఆ మాట అంటే మనసు ముందు మూడోదాని మీదికే పోతుంది. "మందులు వేసుకున్నారా" అంటే మాత్రం ఎవరికీ అనుమానం రాదు. డ్రగ్ విషయంలో ఇది తిరగబడింది. డ్రగ్ లైసెన్సు, బల్క్ డ్రగ్ అని ఏకవచనంలో ఉంటే ఇబ్బంది లేదు. డ్రగ్స్ అనగానే పోలీసులు గుర్తొస్తారు. మందుకు బహువచనం మేలు చేసింది, డ్రగ్‌కు చెరుపు చేసింది. 

ఇక ఏ అర్థంలో వాడాలి అన్నారు కదా. లైసెన్సు కాగితాల్లో, ఫార్మసీ పుస్తకాల్లో డ్రగ్ అనే ఉంటుంది, అది సరైనదే. ఇంట్లో పెద్దవాళ్ల ముందు మాత్రం ఆ మాట వాడకండి, మందులు అనండి. నేను ఇప్పుడు రిజిస్టరు తెరిచేముందే "ఇది నొప్పి మందు, ఎంత ఇచ్చామో లెక్క రాసుకోవాలి, అంతే" అని చెప్పి, ఆ తర్వాతే పెన్ను తీస్తున్నాను.