పెద్ద ఆఫీసర్లకు లెక్కల పాఠం చెప్పాలంటే ముందు ఆడిట్ పార్టీలో తిరగాలి

ప్రశ్న: మా అమ్మాయి బీకాం ఫైనలియర్. ఐఏఎస్ స్థాయి అధికారులకు ప్రజాధనం ఖర్చు, జవాబుదారీతనం మీద శిక్షణ ఇచ్చే సంస్థల్లో పనిచేయాలని పట్టుబట్టి కూర్చుంది. సివిల్స్ రాయమంటే 'ఆఫీసర్‌ని అవ్వడం కాదు నాన్నా, ఆఫీసర్లను లెక్క అడిగే పని కావాలి' అంటోంది. అలాంటి ఉద్యోగాలు ఉన్నాయా? ఒక ప్రైవేటు సంస్థ 'పబ్లిక్ గవర్నెన్స్' సర్టిఫికెట్ కోర్సు ఉందంటోంది, ఫీజు లక్ష పైనే, చేర్పించమంటారా? ఊళ్లు తిరగాల్సి వస్తుందేమోనని వాళ్లమ్మకు టెన్షన్. – ఒక తండ్రి, ఖమ్మం

ఉన్నాయండీ, కాకపోతే డిగ్రీ సర్టిఫికెట్ చూపిస్తే ఇచ్చే ఉద్యోగాలు కావవి. సిమ్లాలో యారోస్ అనే పాత భవనంలో నేషనల్ అకాడమీ ఆఫ్ ఆడిట్ అండ్ అకౌంట్స్ ఉంది, ఫరీదాబాద్‌లో అరుణ్ జైట్లీ పేరు పెట్టిన ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది, మన హైదరాబాద్‌లోనే జూబ్లీహిల్స్‌లో మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ (ఎంసీఆర్‌హెచ్‌ఆర్‌డీ) ఉంది. వీటిలో ఈ సబ్జెక్టు చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఏళ్ల తరబడి ఆడిట్‌లోనో అకౌంట్స్‌లోనో చేసి డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు, లేదా రిటైరయ్యాక గెస్ట్ ఫ్యాకల్టీగా వచ్చి క్లాసు తీసుకునేవాళ్లు. ఎందుకంటే ఎదురుగా కూర్చునేది ఇరవై ఏళ్ల సర్వీసున్న జాయింట్ సెక్రటరీ, ఆయనకు రూల్ నంబరు చదివి వినిపిస్తే ఫోన్ చూసుకుంటారు. అదే 'మీ శాఖ మీద ఆడిట్ పేరా (అభ్యంతరం) రాసింది నేనే సార్' అనే మనిషి నిలబడితే తలెత్తి వింటారు.

అసలు ఆ క్లాసులో ఏం చెబుతారో మీ అమ్మాయికి తెలియాలి, ఎందుకంటే చాలామంది పిల్లలు ఇదంతా లంచగొండుల్ని పట్టుకునే పని అనుకుంటారు. కాదు. ఒక మామూలు కేసు చెబుతాను. ఏరియా ఆసుపత్రికి ఎక్స్‌రే మెషీన్ కొన్నారు. టెండరు పిలిచారు, అందరికంటే తక్కువ ధర చెప్పిన ఎల్1కే ఇచ్చారు, మెషీన్ వచ్చింది, స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కింది, బిల్లు పాసైంది. ఎక్కడా పైసా తినలేదు. కానీ దాన్ని పెట్టే గది కట్టలేదు, త్రీఫేజ్ కరెంటు లైను లాగలేదు, టెక్నీషియన్ పోస్టు మంజూరు కాలేదు. రెండేళ్ల తర్వాత ఆడిట్ పార్టీ (తనిఖీ బృందం) వెళ్లేసరికి ప్యాకింగ్ కూడా విప్పని మెషీన్ వరండాలో ఉంది, వారంటీ అయిపోయింది. ఫైలు మాత్రం అద్దంలా ఉంది! ఇక్కడ తప్పెవరిది? సంతకం పెట్టిన ప్రతి ఒక్కరూ 'నా వరకు రూల్ ప్రకారమే చేశాను' అంటారు, అది నిజం కూడా. రూల్ ప్రకారం ఖర్చు పెట్టడం వేరు, ఆ ఖర్చుకు అర్థం ఉండటం వేరు అని ఒప్పించడమే ఆ శిక్షణలో కష్టమైన భాగం. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 21వ రూల్ ఉంది, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉంటాడో ప్రజాధనం విషయంలోనూ అంతే జాగ్రత్తగా ఉండాలి అంటుంది. సొంత డబ్బుతో అయితే గది లేకుండా ఎవరైనా ఎక్స్‌రే మెషీన్ కొంటారా చెప్పండి.

రెండో పెద్ద పాఠం మార్చి నెల. ఏడాదంతా నిద్రపోయిన బడ్జెట్ మార్చి ఆఖరి వారంలో ఒక్కసారిగా లేస్తుంది. నిధులు మురిగిపోతాయన్న భయంతో డ్రా చేసి పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాలోనో బ్యాంకులోనో పడేసి, ఖర్చయిపోయినట్టు యూసీ (వినియోగ ధ్రువపత్రం) పంపేవాళ్లు ఉంటారు. చివరి నెలల్లో ఇలా హడావుడిగా ఖర్చు పెట్టడమే ఆర్థిక మర్యాదను మీరడం అని అవే రూల్స్‌లో 62లో రాసి ఉంది. చదవనివాళ్లు లేరు, పాటించేవాళ్లు తక్కువ.

ఇక మూడోది చట్టసభ ముందు జవాబు చెప్పడం. కేంద్రంలో ప్రతి మంత్రిత్వ శాఖకూ దాని సెక్రటరీయే చీఫ్ అకౌంటింగ్ అథారిటీ. రాజ్యాంగంలోని 151వ అధికరణం ప్రకారం కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక పార్లమెంటుకో అసెంబ్లీకో వెళ్తుంది, అక్కణ్నుంచి పబ్లిక్ అకౌంట్స్ కమిటీకి వస్తుంది, ఆ కమిటీ పిలిస్తే సెక్రటరీ వెళ్లి కూర్చుని చెప్పాలి. పేరాలో ఉన్న తప్పు ఎప్పటిదో, ఆ కుర్చీలో నలుగురు మారి ఉంటారు, అయినా 'నేను అప్పుడు లేను' అంటే చెల్లదు. అందుకే కొత్త పోస్టులో చేరగానే పెండింగ్ పేరాల జాబితా తెప్పించుకుని చూసే అలవాటు ఆఫీసర్లకు చేయాలి. చూస్తే ఏమవుతుందో చెప్పడానికి బీహార్ దాణా కుంభకోణం చాలు. 1996 జనవరిలో చైబాసాలో డిప్యూటీ కమిషనర్‌గా ఉన్న అమిత్ ఖరే పశుసంవర్ధక శాఖ ట్రెజరీలో డ్రా చేసిన బిల్లుల సంగతేంటని స్వయంగా తవ్వబట్టే అది బయటపడింది. ఆయన ఆడిటర్ కాదు, జిల్లా అధికారి.

ఇప్పుడు దారి. సివిల్స్ వద్దన్న అమ్మాయికి, ఆఫీసర్లను లెక్క అడిగే సర్వీసు కూడా సివిల్స్‌లోనే ఉందని తెలుసో లేదో. ఇండియన్ ఆడిట్ అండ్ అకౌంట్స్ సర్వీసుకు యూపీఎస్సీ సివిల్స్ రాసే వెళ్లాలి, సిమ్లాలో ట్రైనింగ్ వాళ్లదే. (ఇప్పటి కాగ్ కె. సంజయ్ మూర్తి తెలుగువారే, ఆయన తండ్రి అమలాపురం ఎంపీగా చేశారు. కానీ ఆయన ఆడిట్ సర్వీసు నుంచి కాదు, ఐఏఎస్ నుంచి వచ్చారు. జీవితమంతా ఖర్చు పెట్టిన వర్గం నుంచే ఖర్చును తనిఖీ చేసే కాగ్‌ను తేవడం సబబా అన్న వాదన ఎప్పటినుంచో ఉంది, నాకూ ఆ వాదనలో పస ఉందనిపిస్తుంది, అది వేరే కథ.)

అయితే మీ అమ్మాయికి నా మొదటి సలహా సివిల్స్ కాదు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పెట్టే సీజీఎల్ పరీక్ష. అందులో ఆడిటర్ పోస్టులుంటాయి, ఏదైనా డిగ్రీ చాలు. 2023 దాకా నేరుగా అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్ పోస్టు కూడా ఉండేది (ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనం 47,600, గెజిటెడ్ హోదా), ఇప్పుడు ఉందో లేదో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. కాగ్ శాఖలో అయితే హైదరాబాద్ సైఫాబాద్‌లోని ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసు లాంటి చోట పని. పైకెదగాలంటే చేరాక ఎస్‌ఏఎస్ అనే శాఖాపరమైన పరీక్ష పాసవ్వాలి, అది తేలిక కాదు, కానీ దాన్ని గట్టెక్కినవాళ్లకు ప్రభుత్వ పద్దులు కొట్టినపిండి అయిపోతాయి. అలా పదేళ్లు ఫీల్డులో చేసినవాళ్లే తర్వాత శిక్షణ సంస్థలకు పనికొస్తారు. పక్కన రాష్ట్ర పరీక్షలూ రాసుకోవచ్చు, గ్రూప్-1లో ట్రెజరీ, ఆడిట్ పోస్టులుంటాయి, గ్రూప్-3లో అకౌంటెంట్, ఆడిటర్ పోస్టులుంటాయి. బీకాంలో 55 శాతం దాటితే సీఏ ఇంటర్‌కు నేరుగా వెళ్లొచ్చు, చదివే ఓపిక ఉంటే అదీ మంచిదే, ప్రభుత్వ రంగ సంస్థల ఆడిట్‌కు కాగ్ నియమించేది సీఏ సంస్థలనే.

వాళ్లమ్మ టెన్షన్ సంగతి దాచకుండా చెబుతాను. తిరగాల్సే ఉంటుంది. ఆడిట్ పార్టీ అంటే ఇద్దరు ముగ్గురు కలిసి ఒక జిల్లా ఆఫీసుకో ఇంజినీరింగ్ డివిజన్‌కో వెళ్లి, రోజుల తరబడి క్యాష్‌బుక్కులూ వోచర్లూ ముందేసుకుని కూర్చోవడం. కొన్నిచోట్ల టీ ఇచ్చి మర్యాద చేస్తారు, ఫైలు మాత్రం రేపు రేపు అంటూ తిప్పుతారు. 'రికార్డు ఇవ్వలేదు' అని రాతలో పెట్టగలిగే మొండితనం కావాలి. కానీ ఒంటరిగా పంపరు, టీఏ డీఏ ఉంటాయి, ఆడవాళ్లు చాలామందే ఈ పని చేస్తున్నారు. కొన్నేళ్లు తిరిగాక హెడ్ ఆఫీసు సెక్షన్లలోకి మారే వీలూ ఉంటుంది. తిరగకుండా శిక్షకురాలు కావాలంటే మాత్రం నేనైతే వద్దంటాను, క్లాసులో చెప్పేది ఆ వోచర్లలోంచే పుట్టాలి మరి.

నిర్ణయానికి ముందు ఒక పని చేయించండి. కాగ్ వెబ్‌సైట్‌లో తెలంగాణ మీద ఇచ్చిన నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. ఏదో ఒకటి డౌన్‌లోడ్ చేసి, ఒకే ఒక్క పేరా చదవమనండి. మొదట ఏం జరిగిందో ఉంటుంది, తర్వాత శాఖ ఇచ్చిన సమాధానం, ఆ సమాధానం ఎందుకు ఆమోదయోగ్యం కాదో ఆడిట్ మాట. శాఖ సమాధానం దగ్గర ఆగి, ఆడిట్ ఏమని ఉంటుందో తనే ఒక కాగితం మీద రాసి పోల్చుకోమనండి. అది ఆటలా అనిపిస్తే ఈ దారి తనకు పడుతుంది, ఆవలింతలు వస్తే ఇప్పుడే తెలిసినందుకు సంతోషించండి. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన సామాజిక తనిఖీ గురించి కూడా చదవమనండి. మండలంలో ప్రజావేదిక పెట్టి, కూలీల ముందే మస్టర్లు (హాజరు పట్టీలు) చదివి, ఫీల్డ్ అసిస్టెంటు నుంచి ఎంపీడీవో దాకా జవాబు చెప్పించిన పద్ధతి అది. ఆఫీసర్లను అడగడం అంటే ఏంటో మన దగ్గరే చూసినవాళ్లు కావాల్సినంతమంది ఉన్నారు, ఖమ్మం జిల్లాలోనూ ఉంటారు.

సర్టిఫికెట్ కోర్సుకు డబ్బు కట్టకండి. నేను పైన చెప్పిన ఏ పోస్టుకూ దాన్ని అర్హతగా అడగరు. సర్వీసులో చేరాక ఐగాట్ కర్మయోగి అనే ఆన్‌లైన్ వేదికలో ఇలాంటి కోర్సులు ప్రభుత్వమే ఉద్యోగులకు ఉచితంగా ఇస్తుంది. ఆ లక్షలో కొంత సీజీఎల్ కోచింగ్‌కు, టెస్ట్ సిరీస్‌కు పెట్టినా మిగులుతుంది. సీటు కోసమని ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే మాత్రం రసీదు తీసుకుని ఈ వారంలోనే వెళ్లి వెనక్కి అడగండి, క్లాసులు మొదలయ్యాక రాబట్టడం కష్టం.