ఐజీజీ పాజిటివ్ అంటే డెంగీ ఉన్నట్టేనా?

ప్రశ్న: నా వయసు 38. మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తాను. జ్వరమొచ్చిన రెండో రోజున ల్యాబ్‌కు వెళ్తే ఎన్ఎస్1, ఐజీఎం నెగటివ్, ఐజీజీ పాజిటివ్ వచ్చాయి. ఇవాళ మూడో రోజు. నాకెప్పుడూ డెంగీ రాలేదు. 2020లో కరోనా సర్వే అని మా ఇంట్లో నాకొక్కడికే రక్తం తీసుకున్నారు. అలా కొందరికి తీసి జిల్లా లెక్క ఎట్లా చెప్తారు? ఈ ఐజీజీని నమ్మొచ్చా?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఎన్ఎస్1 అంటే రక్తంలో కనిపించే డెంగీ వైరస్ ప్రోటీన్, ఐజీఎం అంటే కొత్తగా సోకినప్పుడు ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ, ఐజీజీ అంటే ఎప్పుడో వచ్చిపోయిన వైరస్ ఒంట్లో వదిలిన గుర్తుగా మిగిలే యాంటీబాడీ. డెంగీ చాలామందికి మామూలు జ్వరంలా వచ్చి పోతుంది, కొందరికి అదీ తెలియదు. 2017-18లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశంలోని 15 రాష్ట్రాల్లో రక్తాలు పరీక్షిస్తే దాదాపు సగం మందిలో, దక్షిణాదిలోనైతే నూటికి 77 మందిలో డెంగీ ఐజీజీ కనిపించింది. ‘ఎప్పుడూ రాలేదు’ అనుకునేవాళ్లు వాళ్లలో ఎంతమందో!

ఇక సర్వే సంగతి. మిల్లుకు లోడు వస్తే బస్తాలన్నీ విప్పరు కదా, అక్కడక్కడా గుచ్చి గుప్పెడు వడ్లు తీసి తేమ చూస్తారు. పైనున్న బస్తాలే గుచ్చితే మోసపోతారు. 2020 మేలో ఐసీఎంఆర్ కరోనా సర్వేకు తెలంగాణ నుంచి నల్లగొండ, జనగామ, కామారెడ్డి జిల్లాలను తీసుకున్నారు. జిల్లాకు పది చోట్ల, చోటుకు 40 మంది, ఇంటికి ఒక్కరే. ఏ ఊళ్లకు, వార్డులకు వెళ్లాలో, ఇంట్లో ఎవరి రక్తం తీయాలో లాటరీలా తేల్చారు కాబట్టే ఆ నాలుగు వందల మంది లెక్క జిల్లాకు సరిపోయింది. జ్వరమున్నవాళ్లను, పిలవగానే వచ్చినవాళ్లను మాత్రమే పట్టుకుంటే లెక్క పెరిగిపోయేది. ఆ విడతలో దేశం మొత్తం మీద కరోనా యాంటీబాడీలు నూటికి ఒకరికి కూడా లేవు (0.73 శాతం). 2021 జూన్-జూలైకి 67.6 శాతానికి చేరాయి. టెస్టులకు దొరికిన కేసుల కన్నా అసలు సోకినవాళ్లు ఎన్నో రెట్లని బయటపడింది ఇలాగే.

కానీ అక్కడ పనికొచ్చిన పాజిటివ్ ఇక్కడ మీకు అంతగా పనికిరాదు. వెయ్యి మందిలో నిజంగా సోకింది పది మందికే అనుకుందాం. నూటికి రెండుసార్లు తప్పు చెప్పే కిట్టయితే మిగతా 990 మందిలో ఇరవై మందికి ఉత్తుత్తి పాజిటివ్ వస్తుంది. ఆ కిట్టు ఎంత తప్పుతుందో సర్వే వాళ్లకు తెలుసు, లెక్కలో సరిచేసుకుంటారు. ఆ ఇరవై మంది ఎవరంటే మాత్రం చెప్పలేరు. పైగా డెంగీ ఐజీజీ మెదడువాపు వ్యాధి టీకా వేయించుకున్నా కొన్నిసార్లు పాజిటివ్ చూపిస్తుంది.

అలాగని తీసిపారేయొద్దు. రెండోసారి డెంగీ సోకినవాళ్లలో ఐజీజీ తొందరగా పెరుగుతుంది, జబ్బు ముదిరే ప్రమాదమూ వాళ్లకే కాస్త ఎక్కువ. రెండో రోజుకు ఐజీఎం కనిపించదు, ఎన్ఎస్1 కూడా అప్పుడప్పుడు తప్పుతుంది. జ్వరం తగ్గకపోతే ఐదో రోజు దాటాక ఐజీఎం మళ్లీ చేయించండి. ప్లేట్‌లెట్లు, హెమటోక్రిట్ (రక్తం చిక్కదనం) డాక్టర్ చెప్పినప్పుడల్లా చూపించుకోండి. నొప్పులకు పారాసెటమాలే వాడండి, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జోలికి పోవద్దు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా ఉండటం కనిపిస్తే జ్వరం తగ్గినా సరే, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు రిపోర్టు మీద జ్వరం మొదలైన తేదీ రాసి పెట్టుకోండి. డాక్టర్లం మేం మొదట అడిగేది అదే.