తుపాకీ తెరవకుండా చేతికిచ్చేవాడు సేల్స్‌మన్ కాడు

మీ ప్రశ్న: "తుపాకుల షాపుల్లో పనిచేసేవాళ్ళు కస్టమర్లతో ఎందుకంత దురుసుగా ఉంటారు? మా నాన్న తుపాకీ రిపేరుకిచ్చి మూడుసార్లు తిరిగాం. సరైన జవాబు చెప్పేవాడే లేడు."

మాది పలమనేరు దగ్గర పల్లె. 1987లో మిలిటరీలో చేరి 2011లో హవల్దారుగా బయటికొచ్చాను. తర్వాత తిరుపతిలో ఒక బ్యాంకులో ఐదేళ్ళు గన్‌మన్‌గా చేశాను. ఇరవై నాలుగేళ్ళు గవర్నమెంటు తుపాకీ పట్టుకున్నాను, ఆ తర్వాత సొంత తుపాకీ. అందుకే ఈ ప్రశ్న చూసి ఊరికే ఉండలేకపోయాను. మీరు మర్యాద గురించి అడిగారు. నేను దానికంటే పెద్ద సంగతి ఒకటి చెప్తాను. ఆ షాపుల్లో కౌంటరు వెనకాల నిలబడేవాళ్ళలో సగం మందికి తుపాకీ మనిషి చేతికి ఎలా ఇవ్వాలో తెలీదు. అది తెలియనివాడు మనకు కుర్చీ వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే.

2018 మే నెల. బ్యాంకు గార్డు పని దొరకాలంటే మాజీ సైనికుడని కాగితం ఉంటే చాలదన్నారు, సొంత పన్నెండు బోరు తుపాకీ (గుళ్ళ తూటాలు పేల్చే పొడుగు తుపాకీ), దానికి లైసెన్సు ఉండాలన్నారు. పోలీసు విచారణ, కలెక్టరాఫీసు చుట్టూ తిరుగుడు అంతా అయ్యాక లైసెన్సు చేతికొచ్చింది. పెన్షన్లో మిగిల్చింది కొంత, మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టింది కొంత, గుడ్డ సంచిలో పెట్టుకుని పలమనేరులో బస్సెక్కి చిత్తూరులో దిగాను. మనవరాలు కూడా వెంటబడింది. దానికి అప్పుడు ఆరేళ్ళు. పని చూసుకుని కాణిపాకం వెళ్ళి స్వామి దర్శనం చేసుకుని వద్దామని దానికి మాటిచ్చాను.

షాపులో పాతికేళ్ళ పిల్లోడు ఫోన్లో ఏదో వీడియో చూస్తున్నాడు. తలెత్తలేదు.

"ఏం కావాలప్పా?"

"డబల్ బ్యారెల్ పన్నెండు బోరు చూపించు నాయనా."

"లైసెన్సు ఉండాదా?"

"ఉండాది."

"ఉంటే ముందు అది తియ్యి. ఊరికే చూసి పొయ్యేదానికి ఇది ఎగ్జిబిషన్ కాదు."

లైసెన్సు అడగడం తప్పు కాదు, అడగాల్సిందే. అడగకుండా చూపిస్తే అదే తప్పు. కానీ నేను లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాక కూడా వాడు దాన్ని పది నిమిషాలు ముట్టలేదు. ఇంతలో బయట పెద్ద కారు ఆగింది. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా ఆయన, వెనక ఇద్దరు మనుషులు. "రండన్నా, కూర్చోండన్నా" అంటూ మా పాప కూర్చున్న స్టూలు మీదనుంచి దాన్ని లేపి ఆయన మనిషికి వేశాడు. టీ వచ్చింది. ఆయన పాయింట్ ముప్ఫై రెండు రివాల్వర్ చూడాలన్నాడు. కాన్పూరులో చేసే మన గవర్నమెంటు ఫ్యాక్టరీ సరుకు. ధర, బరువు, పౌచ్ అన్నీ వినయంగా వివరించాడు. అరగంట తర్వాత ఆయన మళ్ళీ వస్తానని లేచిపోయాడు. ఏమీ కొనలేదు. కొనడానికి డబ్బు సంచిలో పెట్టుకుని వచ్చినవాడిని నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఇంతవరకూ జరిగింది నేను మర్చిపోయేవాడినే. బట్టల షాపులో, నగల షాపులో, బ్యాంకులో కూడా పంచె కట్టుకున్నవాడికి జరిగేదే. తర్వాత జరిగింది మాత్రం ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది.

ర్యాకులోంచి డబల్ బ్యారెల్ ఒకటి తీశాడు. తెరవలేదు, లోపల చూడలేదు. ఎడమచేత్తో బట్టు (వెనకవైపు చెక్క) పట్టుకుని, కుడిచేత్తో ఫోను చెవికి పెట్టుకుని, కౌంటరు మీదుగా అడ్డంగా తిప్పి నా వైపు చాచాడు. అలా తిప్పినప్పుడు రెండు గొట్టాలూ మా పాప మొహం మీదుగా పోయాయి. పాప నా పక్కనే నిలబడి కౌంటరు అంచుకు గడ్డం ఆనించి చూస్తోంది. నా చెయ్యి దానంతటదే లేచి గొట్టాలను పైకి నెట్టింది. రెండో చేత్తో పాపను వెనక్కి లాగాను. అది పడబోయి ఏడుపు అందుకుంది.

"తుపాకీ తెరిచి ఇయ్యాల గదప్పా!" అని అరిచాను.

వాడు నవ్వాడు. "ఖాలీనే పెద్దాయనా, ఏం భయపడద్దు. మిలిటరీ అంటివే, ఇంతేనా?"

తీసుకుని పైన లివరు పక్కకు నెట్టి తెరిచి చూశాను. నిజంగానే ఖాలీ. దానివల్ల నాకు ఊరట కలగలేదు. అది ఖాలీ అని వాడికి ఎలా తెలుసు? చూడలేదు కదా. పొద్దున ర్యాకులో పెట్టినవాడు ఇంకొకడు. రిపేరుకొచ్చిన తుపాకులు, డిపాజిట్‌కొచ్చిన తుపాకులు, అమ్మకానికి పెట్టినవి అన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. తూటాల పెట్టెలు రెండడుగుల దూరంలో ఉన్నాయి.

వెల్లింగ్టన్ మిలిటరీ శిక్షణ సెంటర్లో మా ఉస్తాదు మొదటి వారం మాకు నేర్పింది కాల్చడం కాదు, ఖాలీ చూడడం. రైఫిల్ చేతికి రాగానే గొట్టం సురక్షితమైన వైపు పెట్టు, తెరువు, కంటితో చూడు, వేలితో తడుము. నీకిచ్చినవాడు నీ ముందే చూసుకున్నా సరే, నువ్వు మళ్ళీ చూడు. నీ కన్నతండ్రి ఇచ్చినా సరే. ఆ ఉస్తాదు మమ్మల్ని ఎండలో మోకాళ్ళ మీద నడిపించింది కూడా ఈ ఒక్క తప్పుకే. మేం పద్ధెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లలం. ఆ వయసులో మాకు వచ్చిన పద్ధతి ఈ పాతికేళ్ళవాడికి ఎందుకు రాదు? నేర్పలేదు కాబట్టి రాదు. జీతం తక్కువ, దొరికినవాడిని తెచ్చి నిలబెడతారు.

2016 ఆయుధ నిబంధనల్లో లైసెన్సు అడిగేవాళ్ళు తుపాకీ భద్రత మీద శిక్షణ తీసుకోవాలని ఉంది. మంచి నిబంధన. కొనేవాడికి శిక్షణ కావాలన్నప్పుడు రోజూ ఇరవై మంది మొహాల ముందు తుపాకీ తిప్పేవాడికి అంతకు పదింతలు కావాలి కదా. సిటీ బస్సు నడిపేవాడికి కూడా హెవీ లైసెన్సు అడుగుతాం.

ఆ రోజు కొనకుండా వచ్చేశాను. కాణిపాకంలో క్యూలో నిలబడినంతసేపూ పాప ఒకటే అడిగింది, "తాతా, ఆ అన్న నన్ను కాల్చాలనుకున్నాడా?" అని. ఏం చెప్పాలి? తెలియక చేశాడమ్మా అన్నాను. పాపకు అది సరిపోయింది. నాకు సరిపోలేదు.

వారం తర్వాత అదే షాపుకు మళ్ళీ పోయాను. ఎందుకు పోయావని మీరడగొచ్చు. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. పచారీ కొట్టువాడు విసుక్కుంటే పక్క కొట్టుకు పోతాం. తుపాకులకు పక్క కొట్టు ఎక్కడుంది? కూరగాయల అంగడి పెట్టినట్టు ఎవరంటే వాళ్ళు పెట్టేది కాదు ఇది. చెన్నై మూడు, నాలుగు గంటల ప్రయాణమే, కానీ నా లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లుతుంది. గొట్టం భుజాన వేసుకుని రాష్ట్రం దాటడానికి మళ్ళీ కాగితాలు. ఆన్‌లైన్లో తెప్పించుకునే వస్తువు కాదు. పైగా మనం తుపాకీ కొనేది జీవితంలో ఒకసారి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణలో ఒక మనిషి దగ్గర మూడు ఉండొచ్చన్నది రెండుకు తగ్గించారు. తూటాలా, లైసెన్సులో రాసినన్నే కొనాలి, అది కూడా రిజిస్టర్లో సంతకం పెట్టి. అంటే ఈ మనిషి మళ్ళీ రాడు, వచ్చినా ఓ పది తూటాలకే వస్తాడు, ఎంత విసుక్కున్నా ఇక్కడికే వస్తాడు. ఈ మూడూ వాళ్ళకు బాగా తెలుసు. నేను జీవితంలో నాలుగు షాపులు చూశాను. మూడింట్లో ఇదే వరస. మిగతా దేశంలో వేరేగా ఉంటుందని నేను నమ్మను.

రెండోసారి యజమాని ఉన్నాడు. జరిగింది చెప్పాను. "పిల్లోడు కొత్త సామీ, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. ఆయనే తెరిచి చూపించాడు, తీసుకున్నాను. లైసెన్సులో నంబరు ఎక్కించడానికి మళ్ళీ ఆఫీసుకు పోవాలి, అది వేరే కథ.

తూటాల దగ్గర ఇంకో గొడవ. గార్డు డ్యూటీకి పెద్ద గుళ్ళు కావాలన్నాను. పిల్లోడు చేతికందిన పెట్టె ఇచ్చాడు. చూస్తే పిట్టల్ని కొట్టే సన్నగుళ్ళవి. "అన్నీ పన్నెండు బోరే గదా, ఏదైతే ఏం?" అన్నాడు. ఇది కూడా సహించొచ్చు. సహించలేనిది ఇంకొకటి ఉంది, దయచేసి పాత తుపాకులు ఉన్నవాళ్ళు ఇది శ్రద్ధగా చదవండి. నాతోపాటు డ్యూటీ చేసిన ఒకాయనకు వాళ్ళ తాతగారి కాలంనాటి విలాయతీ తుపాకీ ఉంది. పాతవాటిలో చాలావాటికి ఛాంబర్, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు, అరవై అయిదు మిల్లీమీటర్లే ఉంటుంది. ఆయనకు డెబ్బై మిల్లీమీటర్ల తూటాలు అంటగట్టారు. పెట్టి చూస్తే సులువుగా పడుతుంది, ఎందుకంటే ఆ డెబ్బై అనేది పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేల్చినప్పుడు విచ్చుకునే చోటు లేక లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. పాత గొట్టం దాన్ని తట్టుకోకపోవచ్చు. గొట్టం మీద, తూటా పెట్టె మీద ఉన్న అంకెలు చదివి నేనే ఆయనకు చెప్పాను. "మీ తుపాకీ ఏ కాలందన్నా, ఛాంబర్ ఎంత?" అని ఒక్క మాట అడగాల్సింది అమ్మేవాడు. అడగలేదు. ఆయన కళ్ళు, ఆయన వేళ్ళు వాడికి లెక్కలేదు.

మా వైపు రైతుల సంగతి చూస్తే ఇంకా కడుపు మండుతుంది. కౌండిన్య అడవి అంచున మా చేలు. చెనక్కాయలు ఊరే కాలంలో అడవిపందులు ఒక రాత్రిలో అరెకరం తవ్విపోతాయి. ఏనుగులు వస్తే చెరకు, అరటి మిగలవు. రాత్రంతా టపాకాయలు, డబ్బాలు, మంటలు. రైతు పోయి తుపాకీ గురించి అడిగితే కౌంటరు వెనక కూర్చున్నవాడు "తీసుకో మామా, నాలుగు పందుల్ని లేపేస్తే మళ్ళీ రావు" అంటాడు. నేను చెవులారా విన్నాను. 1972 వన్యప్రాణి చట్టం కింద అడవిపంది కూడా రక్షణ ఉన్న జంతువే. అనుమతి లేకుండా చంపితే కేసు. ఏనుగు మీద తుపాకీ ఎత్తితే ఇంక ఆ రైతు జైల్లోనే. పంట కాపాడుకోవడానికి లైసెన్సు ఇవ్వడం వేరు, జంతువును చంపే హక్కు రావడం వేరు. ఈ ముక్క చెప్పకుండా తుపాకీ అమ్మినవాడు ఆ రైతును కోర్టు మెట్లు ఎక్కించినట్టే.

ఎన్నికల గొడవ కూడా చెప్పాలి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు డిపాజిట్ చేయమంటారు. బ్యాంకులో ఉన్నన్నాళ్ళు డ్యూటీ లెటరు చూపించి నా తుపాకీ నా దగ్గరే ఉంచుకున్నాను. 2024 నాటికి పని మానేశాను కాబట్టి పోలింగుకు ముందే స్టేషన్లో డిపాజిట్ చేశాను. ఎన్నికల్లో అది అవసరమే, నేను కాదనను. వెనక్కి తెచ్చుకుని చూస్తే గొట్టంలోపల సన్నగా తుప్పు మొదలైంది. నూనె పూసి గుడ్డ చుట్టి పెట్టాలని ఎవరికీ తోచలేదు. పేలిన తూటాను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టరు కూడా పట్టేసింది. శుభ్రం చేయించి అది బాగు చేయించుకుందామని పోతే షాపులో కొత్తవాడు, "మెకానిక్కు లేడు, ఆడ పెట్టిపో" అన్నాడు. రసీదు అడిగితే ముక్క కాగితం మీద నా పేరు మాత్రం రాశాడు.

ఇక్కడికొచ్చి మీ నాన్నగారి తుపాకీ సంగతి. మీకు ఇచ్చిన రసీదు తీసి చూడండి. దాని మీద తుపాకీ నంబరు, బోరు, లైసెన్సు నంబరు, ఇచ్చిన తేదీ, షాపు ముద్ర ఉన్నాయా? లేకపోతే రేపే పోయి అవన్నీ రాయించుకోండి. నాన్నగారిని వెంటబెట్టుకుని పోండి, లైసెన్సు ఆయన పేరు మీద ఉంది, ఆయన గానీ, ఆయన రాసిచ్చిన అనుమతి గానీ లేకుండా మీ చేతికి ఇవ్వకూడదు. కుర్రాడితో వాదించకండి, యజమాని ఏ టైముకు ఉంటాడో కనుక్కుని ఆయనతోనే మాట్లాడండి. ఎప్పుడు ఇస్తారో కాగితం మీద తేదీ వేయించండి. ఆ తేదీ దాటితే లైసెన్సు ఇచ్చిన ఆఫీసుకు ఒక అర్జీ రాయండి. ఆ షాపు నడిచేది కూడా లైసెన్సు మీదే, ఆ మాట యజమానికి గుర్తుంటుంది. నాన్నగారికి డెబ్బై దాటితే, లేదా ఆ తుపాకీ ఆయన దగ్గర పాతికేళ్ళుగా ఉంటే, ఆయన బతికుండగానే మీ పేరు మీదికి మార్చమని అడగడానికి 2016 నిబంధనల్లో వీలుంది. పనిలోపనిగా దాని గురించి కూడా కనుక్కోండి.

తుపాకీ తిరిగి ఇచ్చేటప్పుడు ముందు తెరిచి ఖాలీ చూపించమనండి. ఎంత రద్దీ ఉన్నా, వాడు ఎంత విసుక్కున్నా సరే. చూపించాక మీరు కూడా కంటితో చూడండి. ఆ తర్వాత గొట్టం మీది నంబరు, లైసెన్సులోని నంబరు ఒకటేనా అని కౌంటరు దగ్గరే పోల్చుకుని, అప్పుడు సంతకం పెట్టండి. పిల్లల్ని మాత్రం వెంట తీసుకుపోవద్దు.