పెద్ద దవాఖాన ఎప్పటిది?

ప్రశ్న: మా బాబు స్కూల్ ప్రాజెక్టులో ‘ఉస్మానియా దవాఖానను ఏడో నిజాం స్థాపించాడు’ అని రాశాడు. వాళ్ల తాతయ్యేమో అది అంతకంటే పాతదంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: తాతయ్యగారు చెప్పిందే నిజం అమ్మా. నేను ఆ దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఇప్పుడు మనం చూసే గుమ్మటాల భవనం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించిందే. హైకోర్టుకు డిజైన్ ఇచ్చిన విన్సెంట్ ఎష్ దీనికీ ఇచ్చాడు. కానీ అంతకు ముందే అక్కడ అఫ్జల్‌గంజ్ దవాఖాన ఉండేది. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, 1866లో దాన్ని పూర్తి చేశారు. డాక్టర్లను తయారుచేసే మెడికల్ స్కూల్ అయితే 1846లోనే మొదలైంది. మొదట్లో పాఠాలన్నీ ఉర్దూలోనే.

ఆ స్కూల్లో 1885లో చేరిన పార్సీ అమ్మాయి రూపాబాయి ఫర్దూంజీ. ఆపరేషన్ బల్ల మీది రోగికి క్లోరోఫామ్ అనే మత్తుమందు ఇచ్చే పని నేర్చుకుంది. ప్రపంచంలోనే తొలి మహిళా ఎనస్థటిస్టుల్లో ఒకరిగా ఆమెను చెబుతారు. మత్తు ఎక్కువైతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా అని తేల్చడానికి 1888లో, 1889లో ఆరో నిజాం ఖర్చుతో ఇక్కడే రెండు కమిషన్లు పనిచేశాయి. స్కూల్ ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే అని గట్టిగా వాదించాడు. గుండెకు ముప్పు లేదన్న ఆయన మాట తర్వాత నిలబడలేదు. అయినా మన ఊరి దవాఖానల పని గురించి లండన్‌లో చర్చ జరిగిందంటే నాకు ఇప్పటికీ గర్వమే. రూపాబాయి ఫొటో ప్రతి ఆపరేషన్ థియేటర్ బయటా ఉండాలి.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఆ పాత దవాఖానను నాశనం చేసింది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ తర్వాతే కొత్త భవనమూ, ఉస్మానియా అన్న పేరూ వచ్చాయి.

బాబు ‘స్థాపించాడు’ అన్న చోట ‘కొత్త భవనం కట్టించాడు’ అని మార్చి, పైన 1866 సంగతి రాస్తే సరిపోతుంది. వీలైతే ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్లి ఒక ఫొటో తీయించండి, ప్రాజెక్టులో అంటించుకుంటాడు.