1980ల తొలినాళ్ల పాప్ పాటల ధ్వని మీద మమకారం: అందులో నిజమెంత?

1980 నుంచి 1983 వరకు వెలువడిన ఇంగ్లీషు పాప్ పాటల్లో ఉన్న స్పష్టత, నిండుదనం ఇప్పటి పాటల్లో ఎందుకు వినిపించడం లేదని, అసలు ఆ తేడా నిజంగా ఉన్నదా లేక వయసు తెచ్చిన మమకారమా అని మీరు అడిగారు. తేడా నిజంగానే ఉన్నదని నా సమాధానం. అయితే అందుకు సాధారణంగా చెప్పే కారణం, అంటే అప్పట్లో టేపు వాడేవారు, ఇప్పుడు కంప్యూటరు వాడుతున్నారు అన్నది, నాకు సరిపోయినట్టు అనిపించదు. ఆ పాటల్లో మన చెవిని పట్టుకునేది శబ్దాల మధ్య వదిలిన ఖాళీ అని నా అభిప్రాయం. ఆ ఖాళీ కొంత రికార్డు చేసినవారి నేర్పు వల్ల, కొంత ఆనాటి యంత్రాల పరిమితుల వల్ల ఏర్పడింది.

చదువుకునే రోజుల్లో విజయవాడలో ఒక క్యాసెట్ రికార్డింగ్ సెంటర్లో సాయంత్రాలు పనిచేసేవాణ్ణి. కావలసిన పాటల పేర్లు చీటీ మీద రాసిస్తే, ఎల్పీ రికార్డు నుంచో మరో క్యాసెట్టు నుంచో వాటిని ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చే దుకాణం అది (హక్కుల సంగతి అప్పట్లో మా వీధిలో ఎవరూ ఎత్తలేదు). ఇంగ్లీషు ఆల్బమ్‌లు ఎక్కువగా కువైట్, దుబాయ్‌ల నుంచి సెలవు మీద వచ్చినవారి పెట్టెల్లోంచి మా దగ్గరికి చేరేవి. డెక్ మీది ముల్లు మీటరును చూస్తూ రికార్డింగ్ లెవెల్ సర్దడం నా పని. మన సినిమా పాటలకు ఆ ముల్లు ఒక ఎత్తులో దాదాపు నిలకడగా ఊగుతూ ఉండేది. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో ఆర్కెస్ట్రా అంతా కలిసి ఒకేసారి వాయించేటప్పుడు ఒకరి వాద్యం మరొకరి మైకులోకి కూడా చేరుతుంది. ఆ కలగలుపు అందం వేరు. ఈ ఇంగ్లీషు రికార్డులకు మాత్రం ముల్లు డ్రమ్ము దెబ్బకు చటుక్కున లేచి, మరుక్షణంలో కింది దాకా పడిపోయేది. దెబ్బకూ దెబ్బకూ మధ్య అంత ఖాళీ ఉంటుందని చెవికంటే ముందు నా కంటికి తెలిసింది. 1980లో ‘ఖుర్బానీ’ హిందీ చిత్రం కోసం సంగీత నిర్మాత బిద్దు లండన్‌లో రికార్డు చేసిన నాజియా హసన్ పాట మన ఊళ్లలో అంత సంచలనం కావడానికి ఆమె గొంతుతో పాటు ఈ తేడా కూడా కారణమని అనుకుంటాను. ఆ తరువాత హైదరాబాదులో వ్యాపార ప్రకటనలకు శబ్దం కూర్చే స్టూడియోలో చాలాకాలం పనిచేసినప్పుడు, పాత పాటలనే కంప్యూటరు తెర మీద పరచి చూసే వీలు కలిగింది. కింద చెప్పేవన్నీ ఆ పని చేస్తూ, చదువుతూ, వింటూ పోగుచేసుకున్నవే.

ఆ కాలపు పెద్ద స్టూడియోల్లో రెండు అంగుళాల వెడల్పు టేపు మీద 24 ట్రాకులు, అంటే ఒక్కో వాద్యాన్నో గొంతునో విడిగా రికార్డు చేసుకునే పట్టీలు, ఉండేవి. టేపును సెకనుకు 30 అంగుళాల వేగంతో నడిపితే 2,500 అడుగుల చుట్ట 16 నిమిషాల పైచిలుకులో అయిపోయేది. అంత ఖరీదైన టేపు మీద, గంటకు ఇంత అని అద్దె చెల్లించే గదిలో పనిచేసేటప్పుడు ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న నిర్ణయం వెంటనే జరిగిపోవాలి. ఇప్పుడు కంప్యూటరులో వంద ట్రాకులు తెరిచినా అదనంగా పైసా ఖర్చు లేదు. నిర్ణయాన్ని చివరిదాకా వాయిదా వేయవచ్చు, చాలామంది వాయిదా వేస్తారు కూడా.

దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ 1982 నవంబరు చివర విడుదలైన మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’. లాస్ ఏంజెలిస్‌లోని వెస్ట్‌లేక్ స్టూడియోలో క్విన్సీ జోన్స్ నిర్మాతగా, బ్రూస్ స్వీడియన్ ఇంజనీరుగా ఈ ఆల్బమ్ తయారైంది. 24 ట్రాకులు చాలక స్వీడియన్ ఒకటికంటే ఎక్కువ టేపు యంత్రాలను, అవి ఒకే వేగంతో కలిసి నడిచేలా చేసే టైమ్‌కోడ్ సంకేతంతో జతకట్టి నడిపేవాడు. ట్రాకులు పెరిగినా గందరగోళం పెరగకపోవడమే ఆయన గొప్పతనం. ‘బిల్లీ జీన్’ మొదలును ఒకసారి శ్రద్ధగా వినండి: ముందు లియాన్ ఎన్డుగు చాన్స్‌లర్ వాయించిన డ్రమ్స్ మాత్రమే ఉంటాయి, తరువాత లూయిస్ జాన్సన్ బేస్ గిటార్ చేరుతుంది, ఆ పైన సింథసైజర్ స్వరాలు వస్తాయి. ప్రతి ఒక్కటీ తన చోటు చూసుకొని కూర్చున్నాక గాని గొంతు రాదు. డ్రమ్స్ ధ్వనికి ఒక ప్రత్యేక వ్యక్తిత్వం ఉండాలని స్వీడియన్ కాలితో వాయించే కిక్ డ్రమ్ముకు ప్రత్యేకంగా తొడుగు కుట్టించాడు. కొన్ని గాత్రపు ముక్కలను పొడవాటి అట్టగొట్టంలోంచి పాడించాడు. ఈ పాటను 91 సార్లు మిక్స్ చేసి, అంటే ట్రాకులన్నిటినీ సమతూకంగా కలిపి చూసి, చివరకు రెండవ మిక్స్‌నే తీసుకున్నామని ఆయనే పలుమార్లు చెప్పాడు. ఈ సంగతిని ఓపికకు నిదర్శనంగా చెప్పుకుంటారు గాని, నాకు అందులో కనిపించేది వేరు. రెండవసారికే పాట పూర్తయింది. ఎందుకంటే రికార్డు చేసేటప్పుడే నిర్ణయాలన్నీ జరిగిపోయాయి.

అంతకు కొద్దికాలం ముందు లండన్‌లో జరిగిన పని స్వభావం వేరు. టౌన్‌హౌస్ స్టూడియోలోని ఎస్ఎస్ఎల్ కంపెనీ కన్సోల్‌కు (ధ్వనులను కలిపే పెద్ద బల్లకు), లోపల ఉన్న వాద్యకారుల మాటలు ఇంజనీరుకు వినిపించడానికి ఒక మైకు ఉండేది. ఎంత దూరం నుంచి మాట్లాడినా వినబడేలా దాని ధ్వనిని గట్టిగా నొక్కిపట్టే కంప్రెసర్ దానికి తగిలించి ఉండేది. గాయకుడు పీటర్ గాబ్రియేల్ మూడవ ఆల్బమ్ రికార్డింగులో ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తుండగా ఆ మైకులోంచి గది ప్రతిధ్వనితో సహా భీకరంగా వినిపించిన ధ్వనిని ఇంజనీరు హ్యూ ప్యాడ్జమ్ పట్టుకున్నాడు. దానికి, శబ్దం ఒక స్థాయి కంటే తగ్గగానే మూసేసే నాయిస్ గేట్ తగిలించి, ప్రతిధ్వని సహజంగా తగ్గిపోయేలోగా టక్కున కోసేశారు. 1981 జనవరిలో వచ్చిన కాలిన్స్ సొంత పాట ‘ఇన్ ది ఎయిర్ టునైట్’లో, మూడున్నర నిమిషాలకు పైగా రోలాండ్ సీఆర్-78 అనే చిన్న రిథమ్ యంత్రం మీద నడిచిన పాటలోకి ఆ డ్రమ్స్ విరుచుకుపడతాయి. పెద్ద గదిలో వాయించినంత గంభీరత ఉన్నా, ఆ ప్రతిధ్వని తోక తరువాతి దెబ్బ మీదికి పాకదు. నిశ్శబ్దాన్ని కత్తిరించి పెట్టుకోవడం అంటే అదే.

ఇక యంత్రాల సంగతి. రోజర్ లిన్ 1980లో తెచ్చిన ఎల్ఎమ్-1, అసలైన డ్రమ్ముల ధ్వనిని డిజిటల్ రూపంలో దాచుకొని వాయించిన తొలి డ్రమ్ మెషీన్. ధర ఐదు వేల డాలర్ల ప్రాంతం. మెమొరీ చిప్పులు అప్పట్లో అంత ఖరీదు కాబట్టి, ఎక్కువసేపు మోగే పెద్ద తాళాల (సింబల్స్) ధ్వనికి అందులో చోటే దొరకలేదు. 1981లో మార్టిన్ రషెంట్ నిర్మించిన హ్యూమన్ లీగ్ ఆల్బమ్ ‘డేర్’లోను, 1982 నాటి ప్రిన్స్ పాటల్లోను ఆ యంత్రమే వినిపిస్తుంది. పాట పొడుగునా ఝల్లుమనే తాళాలు లేకపోవడంతో పై స్థాయి అంతా గొంతుకు, సింథసైజర్‌కు మిగిలింది. సిడ్నీలో తయారైన ఫెయిర్‌లైట్ అనే శబ్దాలు దాచుకొని వాయించే యంత్రం కూడా ఒక్కో ధ్వనిని దాదాపు ఒక సెకను పాటు మాత్రమే దాచుకోగలిగేది. నిర్మాత ట్రెవర్ హార్న్ అటువంటి యంత్రాలకు పేరుపడ్డవాడే, అయినా 1982లో ఏబీసీ బృందానికి ‘ది లెక్సికన్ ఆఫ్ లవ్’ చేసినప్పుడు ముందు యంత్రాలతో తాళం, బేస్ కట్టుదిట్టంగా పేర్చి, తరువాత వాటి మీద మనుషుల చేత వాయింపజేశాడు. వాటికి యాన్ డడ్లీ సమకూర్చిన తంత్రీవాద్యాలను చేర్చాడు. యంత్రపు కచ్చితత్వం, మనిషి చేతివాటం రెండూ అందులో వినబడతాయి. ఆ రెండూ అంత సమంగా కలిసిన కాలం ఎక్కువకాలం సాగలేదు.

డిజిటల్ రాకతోనే చెడిపోయిందనేవారికి నేను రెండు ఆల్బమ్‌లు గుర్తు చేస్తాను. స్టాక్‌హోమ్‌లోని పోలార్ స్టూడియోలో మైకేల్ ట్రెటో రికార్డు చేసిన అబ్బా ‘ది విజిటర్స్’ (1981), డోనల్డ్ ఫేగన్ ‘ది నైట్‌ఫ్లై’ (1982) రెండూ ప్రధానంగా డిజిటల్ యంత్రాల మీదే రికార్డయ్యాయి. కొత్త స్పీకర్లను పరీక్షించడానికి ‘ది నైట్‌ఫ్లై’ పెట్టడం శబ్ద ఇంజనీర్లలో ఇప్పటికీ ఒక ఆచారం. నేనూ కొత్త గదిలో పని మొదలుపెట్టే ముందు అదే పెట్టేవాణ్ణి. కాబట్టి టేపును దేవుణ్ణి చేయనక్కరలేదు.

మరి తేడా ఎక్కడ వచ్చిందంటే, నా లెక్కలో ఎక్కువ భాగం బిగ్గరతనం పోటీలో వచ్చింది. ఎల్పీ రికార్డులో ధ్వని పెద్దదైతే, ముఖ్యంగా బేస్ ఎక్కువైతే, గాడి వెడల్పు పెరుగుతుంది. అప్పుడు ఒక వైపు పట్టే నిమిషాలు తగ్గుతాయి. ‘థ్రిల్లర్’ మొదట సిద్ధమైనప్పుడు ఒక్కో వైపు నిడివి మరీ ఎక్కువై ధ్వని నీరసంగా వినిపించడంతో, విడుదలను ఆపి పాటలను కుదించి మళ్లీ మిక్స్ చేశారు. అంటే ఎంత బిగ్గరగా ఉండాలన్నదానికి భౌతికమైన హద్దు ఒకటి ఉండేది. 1982 అక్టోబరులో జపాన్‌లో మొదలైన సీడీలో అతి మెల్లని శబ్దానికీ అతి బిగ్గర శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ దాకా తేడాకు అవకాశం ఉంది. గాడి బెడద లేదు. ఇంత విశాలమైన మైదానం దొరికాక జరిగింది తలకిందులు. 1990ల నడుమ, ధ్వని ఒక ఎత్తు దాటకుండా నొక్కిపట్టే డిజిటల్ లిమిటర్లు వచ్చాక, పక్కవాడి పాటకన్నా మన పాట బిగ్గరగా వినబడాలన్న పోటీలో శిఖరాలను నరికి లోయలను పైకెత్తారు. నా దగ్గరున్న ‘థ్రిల్లర్’ తొలినాటి సీడీని, తరువాత ధ్వనిని కొత్తగా సర్ది విడుదల చేసిన ఒక రీమాస్టర్ ప్రతిని తెర మీద పక్కపక్కన పెట్టినప్పుడు, మొదటిదాంట్లో ప్రతి డ్రమ్ము దెబ్బ విడిగా నిలబడి కనిపించింది. రెండవది గోడకట్టినట్టు ఒకే ఎత్తులో ఉంది. చాలాకాలం కిందట ముల్లు మీటరు మీద చూసిన పతనం ఆ రెండవదాంట్లో లేదు.

వ్యాపార ప్రకటనల పనిలో ఉన్నప్పుడు నేనూ అదే లిమిటర్‌ను రోజూ తిప్పాను. క్లయింటు వినేది మొదటి మూడు సెకన్లు. బిగ్గరగా ఉన్నదే అతనికి బాగుంటుంది. ఇంజనీర్లకు చెవి లేకనో అభిరుచి లేకనో ఇలా జరిగిందనుకోవడం అన్యాయం.

మమకారం వాటా ఎంత అన్న మీ ప్రశ్నకు వస్తాను. ఆ పాటలను మనలో చాలామంది విన్నది క్యాసెట్ల మీద. క్యాసెట్టు టేపు సెకనుకు ఒకటి ముప్పాతిక అంగుళాలకు కాస్త ఎక్కువ వేగంతో, అంటే స్టూడియో టేపు వేగంలో పదహారో వంతుతో నడుస్తుంది. దాని మీద బుసబుస, అందులో కాపీకి కాపీ, ఆ పైన టూ ఇన్ వన్‌కు (రేడియో, క్యాసెట్ కలిసిన పెట్టెకు) ఉండే చిన్న స్పీకర్లు. కాబట్టి అప్పట్లో మన ఇంట్లో వినిపించిన నాణ్యత గొప్పదని చెప్పడం నిజంగా మమకారమే. అయినా అంత ఇరుకు దారిలోంచి వచ్చి కూడా బేస్ గీత చెదరలేదు, మాట స్పష్టత పోలేదు. దానికి కారణం ఉంది: స్వీడియన్ వంటివారు తమ మిక్స్‌ను ఆరటోన్ అనే అరచేతి వెడల్పు స్పీకర్ల మీద, తక్కువ శబ్దంతో సరిచూసుకునేవారు. అక్కడ నిలబడిన మిక్స్ మా దుకాణంలోని టూ ఇన్ వన్ మీద కూడా నిలబడింది.

మరో విషయం, మనకు గుర్తున్నవి ఆ కాలపు మేలైన రికార్డులు మాత్రమే. చవకగా, హడావిడిగా చేసిన ఆనాటి పాటలు కూడా నా చేతి మీదుగా చాలా క్యాసెట్లలోకి ఎక్కాయి. వాటి పేర్లు చీటీలు రాసినవారికే ఇప్పుడు గుర్తుండవు. పైగా 1983లో యమహా డీఎక్స్7 అనే సింథసైజర్ వచ్చి, ఖరీదైన యంత్రాలు క్రమంగా అందరి చేతికీ అందాక, కొన్నేళ్లలోనే ఎవరి పాట విన్నా అదే గంట ధ్వని, అదే కోసేసిన ప్రతిధ్వని. పెళ్లి భోజనంలో అన్ని కూరల్లోనూ ఒకే మసాలా వేసినట్టు తయారైంది. కాబట్టి ఎనభైల సంగీతమంతా గొప్పదని నేను అనను. మీరు అడిగిన ఆ మొదటి మూడు నాలుగేళ్లనే వేరు చేసి చెబుతాను.

మీరే పరీక్షించి చూడదలిస్తే ముందు రెండు పాటల శబ్దస్థాయిని సమం చేసుకోండి. బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది కాబట్టి ఇది తప్పనిసరి. స్పాటిఫై వంటి సేవల్లో నార్మలైజేషన్ సెట్టింగ్ పెట్టుకుంటే అన్ని పాటలూ దాదాపు ఒకే బిగ్గరతనానికి వస్తాయి. అప్పుడు నొక్కిపెట్టిన పాట చప్పగా, పాత పాట ఊపిరి పీల్చుకుంటున్నట్టుగా వినిపిస్తుంది. ఆ సేవల్లో ఒకే ఆల్బమ్‌కు పలు ప్రతులు ఉంటాయి, రీమాస్టర్ అని రాసి లేని ప్రతి దొరికితే దానితో మొదలుపెట్టండి. పాత సీడీలు అమ్మేవారి దగ్గర 1980లలోనే అచ్చయిన ప్రతి కనిపిస్తే, కవరు చిరిగి ఉన్నా సరే, కొత్తదానికన్నా దాన్నే తీసుకోమంటాను.