బండి ఎత్తుకెళ్తున్న దొంగలు కళ్లముందే కనిపిస్తే మీదపడి పట్టుకోవాలా?

వద్దు, దూరం నుంచే కేకలేసి నలుగురినీ పోగేసి 112కి ఫోన్ చేయడమే మేలు. దొంగకు కావాల్సింది బండి, గొడవ కాదు. పారిపోయే దారి ఉంటే అతని చూపంతా దాని మీదే. అడ్డం నిలబడ్డారా, హ్యాండిల్ లాక్ విరగ్గొట్టడానికి తెచ్చిన రాడ్డే మీ మీదకు లేవొచ్చు. టెన్షన్‌లో తిట్టే బూతులూ వాళ్లను రెచ్చగొట్టేవే.

ఒంగోలు కర్నూలు రోడ్డులో షాపు ముందు పెట్టిన మీ బండి దగ్గర ఇద్దరున్నారనుకోండి. ఒకడు లాక్ మీద పని చేస్తుంటాడు, ఇంకొకడు అటూ ఇటూ చూస్తుంటాడు. షాపు గుమ్మంలోంచే "ఏయ్, ఎవర్రా అది, నా బండి!" అని అరవండి. అయినా తీసుకుపోతుంటే వెంటపడకుండా వాళ్లు వచ్చిన బండి నంబరు, చొక్కా రంగు, ఏ వైపు వెళ్లిందీ గుర్తుపెట్టుకోండి. పోలీసులు అడిగేవి అవే. బీమాకు ఎఫ్ఐఆర్ కావాలి (ఒట్టి థర్డ్ పార్టీ పాలసీకి దొంగతనం వర్తించదు, అది వేరే బాధ).

దొరికిన దొంగను చితకబాదొచ్చని చాలామంది అనుకుంటారు. అది తప్పు. మామూలు మనిషి దొంగను పట్టుకోవచ్చు, కానీ 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం ఆలస్యం చేయకుండా, 6 గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. లొంగిపోయాక కొడితే కేసు మీ మీదా పడుతుంది.