'ఎ' రేటింగ్ స్కూల్ కోసం 90 వేల డాలర్లు ఎక్కువ పెట్టాలా?

ప్రశ్న: మేం డల్లాస్ శివార్లలో అద్దెకుంటున్నాం. పాపకు ఆరేళ్లు, బాబుకు మూడేళ్లు. ఇద్దరం హెచ్1బి మీద ఉద్యోగం చేస్తున్నాం. ఇప్పుడున్న పెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే విభాగం) 5 లక్షల 10 వేల డాలర్లకు ఒక ఇల్లు చూశాం. ఆ డిస్ట్రిక్ట్‌కు రాష్ట్రం ఇచ్చింది 'బి' రేటింగ్. పక్కనే నాలుగు వేల మంది పిల్లలున్న చిన్న డిస్ట్రిక్ట్‌కు 'ఎ'. అక్కడ అలాంటి ఇల్లే 6 లక్షలు. ఫ్రెండ్స్ అంతా అక్కడే కొనమంటున్నారు. కానీ అక్కడ ఒక ఎలిమెంటరీ స్కూల్ మూసేస్తారని వింటున్నాం. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది రేటింగ్ కాదు, స్కూల్ మూసేస్తారన్న మాట. దాని దగ్గరికి వచ్చే ముందు ఒక లెక్క చూద్దాం.

6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ల లోన్ అనుకుంటే, ఆ అదనపు 90 వేల వల్ల కిస్తీ నెలకు సుమారు 570 డాలర్లు పెరుగుతుంది. ప్రాపర్టీ ట్యాక్స్ అన్నీ కలిపి 2 శాతం అనుకుంటే నెలకు ఇంకో 150. మొత్తం 720. సొంతంగా ఉండే ఇంటికి స్కూల్ ట్యాక్స్ లెక్కలో ఇంటి విలువ నుంచి 2025 నుంచి 1,40,000 డాలర్లు మినహాయిస్తున్నారు కదా అనుకోవచ్చు. అది రెండు ఇళ్లకూ ఒకటే. పైన పెట్టే 90 వేల మీద మాత్రం పూర్తి పన్ను పడుతుంది.

ఇంత కడుతున్నాం కాబట్టి ఆ డబ్బు మన పిల్లల స్కూల్‌కే చేరుతుందని చాలామంది నమ్ముతారు. టెక్సస్‌లో అలా జరగదు. ఏ డిస్ట్రిక్ట్‌కు ఎంత రావాలో రాష్ట్రం పిల్లల లెక్కన నిర్ణయిస్తుంది. ముందు స్థానిక పన్ను లెక్కలోకి వస్తుంది, తక్కువైతే రాష్ట్రం కలుపుతుంది. ఎక్కువైతే ఆ మిగులు రాష్ట్రానికి వెళ్తుంది. దీన్ని రీక్యాప్చర్ అంటారు, జనం 'రాబిన్ హుడ్' అని పిలుస్తారు. 1993లో వచ్చింది. దాని వెనక న్యాయం ఉందని నేను గట్టిగా నమ్ముతాను. శాన్ ఆంటోనియోలోని ఎడ్జ్‌వుడ్ అనే పేద డిస్ట్రిక్ట్ కోర్టుకెక్కితే, స్కూళ్లకు డబ్బిచ్చే పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 1989లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. పేదల పేటలో పుట్టిన పిల్లలకు కూడా మంచి టీచర్ దొరకాలి కదా.

మీ నిర్ణయానికి పనికొచ్చే సంగతేమిటంటే, చుట్టుపక్కల ఇళ్ల ధరలు పెరిగినంత మాత్రాన స్కూల్ చేతికి వచ్చే డబ్బు పెరగదు. అది పిల్లల సంఖ్యను, అందులోనూ రోజూ క్లాసుకు వచ్చేవాళ్ల సగటును బట్టి మారుతుంది. ఒక్కో పిల్లవాడికి ఇచ్చే ప్రాథమిక మొత్తం 2019 నుంచి 6,160 డాలర్లే. 2025లో దానికి కలిపింది 55 డాలర్లు.

ఇప్పుడు మీ చిన్న డిస్ట్రిక్ట్ సంగతి. అక్కడ వంద మంది తగ్గారనుకోండి. ప్రాథమిక మొత్తం లెక్కనే ఏడాదికి 6 లక్షల 21 వేల డాలర్లు పోయినట్టు. ఆ వంద మంది ఒకే క్లాసు వాళ్లు కాదు. కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా చూస్తే తరగతికి ఏడెనిమిది మంది. ఏ క్లాసూ ఖాళీ కాదు, ఏ టీచర్‌నూ తగ్గించలేరు, బస్సు అదే దారిలో తిరగాలి. ఖర్చు తగ్గదు, రాబడి మాత్రం తగ్గుతుంది. పెద్ద డిస్ట్రిక్ట్ ఆ దెబ్బను సర్దుకోగలదు. చిన్నదైతే స్కూల్ మూయాల్సి వస్తుంది. ఇళ్లు ఖరీదైనప్పుడు చిన్న పిల్లలున్న కుటుంబాలు కొనలేవు, పిల్లలు పెద్దవాళ్లయిన కుటుంబాలు కదలవు. మీ ఫ్రెండ్స్ గొప్పగా చెప్పే ఆ ధరే పిల్లలు తగ్గడానికి ఒక కారణం కావచ్చు.

చిన్న డిస్ట్రిక్ట్‌లకు మేలు లేదని కాదు. 5 వేల లోపు పిల్లలుంటే రాష్ట్రం అదనపు గ్రాంటు ఇస్తుంది. 2025 చట్టం ప్రకారం అలాంటి చోట ఐదేళ్లు దాటిన టీచర్‌కు 8 వేల డాలర్ల పెంపు దక్కింది, పెద్ద డిస్ట్రిక్ట్‌లో 5 వేలే. మంచి టీచర్లు నిలబడటానికి ఇది నిజంగా సాయపడుతుంది.

రేటింగ్ చూడండి, కానీ దాని లోపలికి వెళ్లి చూడండి. మార్కులో 70 శాతం పరీక్షా ఫలితాలు, పిల్లలు సాధించిన ప్రగతి, ఈ రెండింట్లో ఏది మెరుగ్గా ఉంటే దాన్నుంచి వస్తుంది. ఫలితాలు బాగుండటంలో ఇంటి ఆదాయం, ట్యూషన్ల పాత్ర చాలా ఉంటుంది. మీ పాప వెళ్లబోయే స్కూల్‌కు ప్రగతిలో ఎంత వచ్చిందో వేరుగా చూడండి. 'బి' డిస్ట్రిక్ట్‌లో 'ఎ' స్కూల్ ఉండొచ్చు. కొత్త స్టేడియం, మెరిసే భవనం చూసి కూడా లెక్క కట్టొద్దు. అవి బాండ్ల డబ్బుతో, అంటే కట్టడాల కోసం తెచ్చిన అప్పుతో కట్టినవి. ఆ డబ్బుతో జీతాలు ఇవ్వడానికి వీల్లేదు.

ఇంకో మాట. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ నేరుగా సీటిచ్చేది 2026 నుంచి హైస్కూల్ క్లాసులో పై 5 శాతం వాళ్లకే. అందరూ బాగా చదివే చోట ఆ ర్యాంకు కష్టం.

నా సలహా 5 లక్షల 10 వేల ఇల్లే. ఇద్దరి ఉద్యోగాలూ వీసాతో ముడిపడి ఉన్నప్పుడు నెలకు 720 డాలర్ల ఊపిరి చాలా విలువైనది. అటు కడితే కొంత ఇంటి విలువగా మిగులుతుందన్నది నిజమే, కానీ ఉద్యోగం పోయిన నెలలో అది చేతికి రాదు. ముందు ఆరు నెలల ఖర్చులు బ్యాంకులో చేరేదాకా ఆ 720 అటే వేయండి. తర్వాత నెలకు 400 డాలర్లు 529 ఖాతాలో (చదువు ఖర్చుల కోసం పన్ను రాయితీతో దాచుకునే ఖాతా) పిల్లల కాలేజీకి పెట్టండి. ఇండియా తిరిగి వెళ్లే ఆలోచన బలంగా ఉంటే అందులో తక్కువే వేయండి. చదువుకు కాకుండా తీస్తే లాభం మీద పన్నుతోపాటు 10 శాతం పెనాల్టీ ఉంటుంది.

అయినా మనసు చిన్న డిస్ట్రిక్ట్ వైపే లాగితే, సంతకం పెట్టే ముందు గత ఐదేళ్ల కిండర్‌గార్టెన్ సంఖ్య అడిగి తెలుసుకోండి. ఏటా తగ్గుతుంటే ఆగండి. నిలకడగా ఉంటే, మూసేస్తారంటున్న స్కూల్ మీ ఇంటికి దగ్గర్లోది కాకపోతే, 6 లక్షలకు కాకుండా బేరమాడి కొనండి.